లెక్క తప్పింది ఎక్కడ?

(నిజామాబాద్‌లో విద్యార్థులు, ఉద్యోగులు, ఉపాధ్యాయులు కలిసి జరుపుకున్న సమావేశంలో ఒక రిటైర్డ్ గణిత అధ్యాపకుడు చేసిన ప్రసంగం పూర్తి పాఠం)

నీళ్లు, నిధులు, నియామకాలు అని మనం కొట్లాడినం. నీళ్ల లెక్కలు, నిధుల లెక్కలు చెప్పేటోళ్లు ఈ వేదిక మీద మస్తుమంది ఉన్నరు. టీఎంసీలు, క్యూసెక్కులు మనకు నోటికొచ్చు. ఆరు సూత్రాల పథకం 1973ల అని, 610 జీవో 1985 డిసెంబర్ 30న అని నిద్రల లేపి అడిగినా చెప్తం. నేను వేరే లెక్క చెప్పడానికి వచ్చిన. అది మన పిల్లలకు రాని లెక్క. నియామకాలు అనే మూడో మాటకు అడ్డం పడుతున్న లెక్క. దాని గురించి మనం ఏ సభల గూడ మాట్లాడుకోలేదు. మాట్లాడితే మన పిల్లల పరువు పోతదని భయపడ్డం. పోయేది పరువు కాదు, పిల్లలు పోతున్నరు. అందుకే ఇయ్యాల మాట్లాడుత.

అరెకరం మీద పావెకరం

నేను ముప్పై ఏండ్లు డిగ్రీ కాలేజీలల్ల లెక్కలు చెప్పిన. చివరి పదేండ్లు ప్రతి కొత్త బ్యాచ్‌కు మొదటి రోజు బోర్డు మీద ఒకటే లెక్క రాసేటోన్ని. 1/2కు 1/4 కలిపితే ఎంత? ఇది ఐదో తరగతి లెక్క. కూసున్నది బీఎస్సీ మ్యాథ్స్ పిల్లలు. సగం క్లాసు దించిన తల ఎత్తకపోయేది. కొందరు ధైర్యం చేసి 2/6 అనేటోళ్లు. పైన ఒకటి, ఒకటి రెండు. కింద రెండు, నాలుగు ఆరు. కొట్టేస్తె 1/3.

నేను తప్పు అనకపోయేటోన్ని. ఒక్కటే అడుగుదు. "బిడ్డా, మీ నాయినకు అరెకరం పొలం ఉన్నది. దాని పక్కకు పావెకరం కొన్నడు. ఇప్పుడు ఎంత?"

"ముప్పై గుంటలు సార్." ఠక్కున వచ్చేది. ఎకరానికి 40 గుంటలు. అరెకరం 20, పావెకరం 10. కలిపితె 30. అంటే ముప్పావు.

"మరి నువ్వు చెప్పిన 1/3 ఎకరం ఎంతయితది? పదమూడు గుంటలు, మీద కొంచెం. ఉన్న 20 గుంటల మీద ఇంకింత కొంటె భూమి 13 గుంటలకు తగ్గుతదా? పట్వారి గూడ ఇంత మోసం చెయ్యడు కదరా!"

క్లాసంతా నవ్వేది. ఆ నవ్వుల ఒక సంగతి ఉన్నది మిత్రులారా. ఆ పిల్లగానికి లెక్క వచ్చు. పొలం గట్టు మీద వచ్చు. కాయితం మీద రాదు. పొలానికీ కాయితానికీ మధ్య ఎక్కడో తొవ్వ తెగిపోయింది. ఆ తెగిన జాగను ఎవ్వరూ చూడలే. చూడకుంటనే ఒక్కో తరగతి పైకి తోలిండ్రు. తోలుకుంట తోలుకుంట విశ్వవిద్యాలయం గేటు దాక తెచ్చిండ్రు.

నేను చేసిన తప్పు

ఇదంతా నాకు పుట్టుకతో తెలిసింది కాదు. ఒక ఆడపిల్ల వల్ల తెలిసింది. ఆ ముచ్చట నేను ఎన్నడూ స్టేజీ మీద చెప్పలేదు.

2007ల అనుకుంట. డిచ్‌పల్లి తెలంగాణ విశ్వవిద్యాలయం 2006ల వచ్చింది. దానికి ముందు మన జిల్లా కాలేజీలన్నీ ఉస్మానియా కిందనే ఉండె. మన జిల్లాకు మన యూనివర్సిటీ వచ్చిందని అందరం హుషారుగ ఉన్న రోజులు. నా క్లాసుల బోధన్ దిక్కు ఊరి నుంచి వచ్చే ఒక పిల్ల ఉండె. తల్లి బీడీలు చేసేది. పిల్లకు ఇంటర్ లెక్కలల్ల మంచి మార్కులున్నయి. నేను అవకలనం మొదలువెట్టిన. ఎక్స్ వర్గానికి అవకలజం ఎంత అన్న. "2 ఎక్స్" అన్నది. శభాష్ అన్న. ఎట్ల వచ్చింది, మూలసూత్రం నుంచి చేసి చూపియ్యి అన్న. బోర్డు దగ్గరకు వచ్చింది. ఎక్స్ ప్లస్ హెచ్ మొత్తానికి వర్గం రాసింది. దాన్ని విప్పి ఎక్స్ వర్గం ప్లస్ హెచ్ వర్గం అని రాసింది. అక్కడ ఆగింది. అట్ల చేస్తె చివరికి సున్నా వస్తది, 2 ఎక్స్ రాదు. పిల్లకు అర్థమయింది ఏదో తప్పున్నదని. ఎక్కడున్నదో తెలుస్తలేదు. సుద్దముక్క పట్టుకొని నిలవడ్డది.

నేనేమన్ననో తెలుసా? "గిది గూడ రాదా? డిగ్రీ దాక ఎట్ల వచ్చినవమ్మ?" అన్న. క్లాసు నవ్వింది. అప్పటి నవ్వు వేరే నవ్వు.

వారం తర్వాత ఆ పిల్ల కనిపించలేదు. నెల తర్వాత కనిపించలేదు. బస్సు పాస్ ఇబ్బందేమో అనుకున్న. పరీక్ష ఫీజు టైముకు గూడ రాకపోతె వాళ్ల ఊరికి పోయిన. ఇంటి ముందట తల్లి, పిల్ల ఇద్దరు చాటలు పట్టుకొని బీడీలు చుడుతున్నరు. "సారు వచ్చిండు" అని తల్లి లేచింది. నేను క్షమించు బిడ్డా, నోరు జారిన అన్న. ఆ పిల్ల అన్న మాట ఇది. "మీరన్నదానికి కాదు సార్. నాకు రాదని నాకే తెల్వదు. ఆ రోజు తెలిసింది."

నేను అక్కడ కూసున్నంత సేపట్ల తల్లి కట్టలు లెక్కపెడుతున్నది. కట్టకు 25 బీడీలు, 40 కట్టలయితె వెయ్యి. కంపెనోడు బాగలేవని తీసేసినయి పోను ఎన్ని నిలిచినయి, వెయ్యికి ఇంత కూలి అంటె తనకెంత రావాలె, నోటితోటే చెప్పింది. పెన్ను లేదు, కాయితం లేదు. శాతం, నిష్పత్తి అన్ని అందులనే ఉన్నయి. బిడ్డ ఇంటర్ పాసయింది, తల్లి బడికి పోలే. లెక్క తల్లికే వచ్చింది. నేను తలకాయ దించుకొని వచ్చిన. ఆ పిల్ల మళ్ల కాలేజీకి రాలే.

తీగె ఎక్కడ తెగింది?

లెక్కల చదువు గోడ కట్టినట్టు ఉంటది. చరిత్రల అశోకుని పాఠం రాకున్నా కాకతీయుల పాఠం చదువుకోవచ్చు. లెక్కలల్ల అట్ల నడవది. కింది వరుసల ఒక ఇటుక లేకుంటె పై వరుస నిలవది. భిన్నం రానోనికి నిష్పత్తి రాదు. నిష్పత్తి రాకుంటె త్రికోణమితి రాదు. బీజగణితం విప్పుడు రాకుంటె కలనగణితం గోడకు కొట్టిన సున్నమే.

మరి ఆ పిల్లకు 2 ఎక్స్ అని ఎట్ల తెలిసింది? బిట్టు తీరుగ తెలిసింది. మన ఇంటర్ చదువు ఇన్నేండ్లు ఎట్ల నడిచిందో ఇక్కడున్న పిల్లలకు తెలుసు. ఒక్కో పేపరు 75 మార్కులు. వన్-బీల లోకస్ నాలుగు మార్కులకు ఖాయం. డైరెక్షన్ కొసైన్స్ ఏడు మార్కులకు ఖాయం. వన్-ఏల మాత్రికలు ఖాయం. ఆ లెక్క ఏ అంకెలతో వస్తదో గూడ ఖాయం. లెక్కను లెక్కలెక్క చేసుడు కాదు, పద్యం తీరుగ బట్టీ కొట్టుడు. లోకస్ అంటె ఏందిరా అంటె చెప్పలేడు, నాలుగు మార్కులు మాత్రం తెస్తడు. మార్కులు వచ్చినయి, ర్యాంకులు వచ్చినయి, కాలేజీల గోడల మీద ఫోటోలు వచ్చినయి. ఆ పాలిష్ కింద ఐదో తరగతి కంత అట్లనే ఉన్నది.

ఆ కంత ఎట్ల పూడ్చాలెనో చూడండి, పెద్ద కష్టం కాదు. ఒక చదరపు జాగ గీయిన్రి. ఒక్కో దిక్కు 3 గజాలు ప్లస్ 4 గజాలు, మొత్తం 7 గజాలు. జాగ ఎంత? 49 చదరపు గజాలు. మన పిల్ల లెక్క ప్రకారం 3 వర్గం 9, 4 వర్గం 16, కలిపి 25. మిగతా 24 గజాలు ఎవడు కబ్జా పెట్టిండు? బొమ్మల చూస్తె కనబడ్తయి. మూడు నాలుగుల పన్నెండు గజాల పట్టీ ఒకటి ఈ దిక్కు, ఇంకోటి ఆ దిక్కు. రెండు పట్టీలు కలిస్తె 24. అదే 2 ఎ బి. ఇది పది నిమిషాల పని. ఆ రోజు నేను ఆ పది నిమిషాలు ఇచ్చి ఉంటె ఆ పిల్ల నిలిచేదేమో. నేను సిలబస్ అయిపోవాలని తొందరపడ్డ.

ఎనిమిదో తరగతి బాకీ

నిరుడు, ఈ ఏడాది డిగ్రీకి వచ్చే పిల్లలను చూసి "ఇంత అన్యాయంగ ఉన్నరేంది" అనే లెక్చరర్లు ఈ హాల్ల గూడ ఉన్నరు. వాళ్లను నేను వెనక్కి లెక్కపెట్టమంట. 2025ల డిగ్రీల చేరిన పిల్ల 2020-21ల ఎనిమిదో తరగతి. మన రాష్ట్ర ఎనిమిదో తరగతి గణితంల ఏమున్నయి? అకరణీయ సంఖ్యలు, ఏకచరరాశి సమీకరణాలు, ఘాతాలు, శాతాలు, బీజీయ సమాసాలు, కారణాంక విభజన. అంటె డిగ్రీకి కావలసిన పునాది అంతా ఆ ఒక్క ఏడాదిల ఉన్నది. ఆ ఏడాది కరోనా. 2020 మార్చిల మూసిన బడి ఎనిమిదో తరగతికి 2021 ఫిబ్రవరి 24న తెరిచిండ్రు. మార్చి 24 నుంచి మళ్ల మూసిండ్రు. ఒక్కటే నెల. మిగతాదంతా టీ-శాట్‌ల, దూరదర్శన్ యాదగిరిల పాఠాలు. ఇంట్ల ఒక్క ఫోన్, అది నాయిన జేబుల. తండాల సిగ్నల్ లేదు. ఆ పిల్లను తొమ్మిదికి తోలిండ్రు, పదికి తోలిండ్రు.

ఇంటర్‌ల ఏమయిందో గూడ యాది చేసుకోండి. 2021 అక్టోబర్ల ఫస్టియర్ పరీక్షలు పెట్టిండ్రు. డిసెంబర్ల ఫలితాలు వస్తె పాసయినోళ్లు 49 శాతమే. లొల్లి అయింది. ఫెయిలయినోళ్లందరికి పాస్ మార్కులు ఇచ్చి పంపిండ్రు. పిల్లలను పాస్ చేసుడు తప్పు అని నేను అంటలేను, ఆ పరిస్థితిల వేరే తొవ్వ లేకుండె. పాస్ మార్కులతోటి పాటు రాని పాఠం గూడ మళ్ల చెప్పాలె కదా? అది ఎవ్వరూ చెయ్యలే. మార్కు కలిపిండ్రు, లెక్క కలపలే.

ఇగ మన సంగతి గూడ మాట్లాడుకుందాం. 2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలయింది. 42 రోజులు నడిచింది. నేను అందుల ఉన్న. ఇక్కడున్న ఉపాధ్యాయులు, ఎన్జీవోలు అందరు ఉన్నరు. బడులు బందు పెట్టినం. ఆ సమ్మె న్యాయమైంది, ఇయ్యాల గూడ ఛాతి మీద చెయ్యి పెట్టి చెప్త. కానీ ఆ దినాలల్ల ఎనిమిదో తరగతిల ఉన్న సర్కారు బడి పిల్లగాడు తన పాఠాలు మనకు అప్పిచ్చిండు. ఆ పిల్లగాడు 2016ల డిగ్రీకి వచ్చిండు. రాష్ట్రం వచ్చి రెండేండ్లయింది అప్పటికి. మనకు పీఆర్సీ వచ్చింది, ప్రమోషన్లు వచ్చినయి. ఆని బాకీ మనం తీర్చినమా? గుండె మీద చెయ్యేసుకొని చెప్పండి.

తాత జమా, నాయిన సంకలనం, బిడ్డ అడిషన్

మనకున్న ఇంకో దెబ్బ భాష దెబ్బ. బోధన్‌ల షక్కర్‌నగర్ గేటు కాడ పాత కార్మికులను అడగండి. జమా, తఫ్రీఖ్, జరబ్, తఖ్సీం అని చెప్తరు. నిజాం కాలంల ఉర్దూల చదువుకున్నరు. ఉస్మానియా 1918ల మొదలైనప్పుడు పై చదువుల లెక్కలు గూడ ఉర్దూలనే చెప్పిండ్రు. 1956 తర్వాత వాళ్ల కొడుకులు సంకలనం, వ్యవకలనం, లవం, హారం, కనిష్ఠ సామాన్య గుణిజం అని చదివిండ్రు. అది ఏ ఊరి తెలుగో మన ఇండ్లల్ల ఎవ్వరికి తెల్వది. ఇంట్ల మాట పావు, అర, ముప్పావు, డేఢ్. బడిల మాట వేరే. ఇప్పుడు మనుమలు అడిషన్, న్యూమరేటర్, డినామినేటర్, ఎల్‌సీఎం. 2022-23 నుంచి సర్కారు బడుల ఒకటి నుంచి ఎనిమిది దాక ఇంగ్లిష్ మీడియం వచ్చింది.

ఇంగ్లిష్ మీడియం వద్దని నేను అనను. దొర బిడ్డకు ఒక చదువు, దళిత బిడ్డకు ఒక చదువు ఉండొద్దు. కానీ చూడండి, మూడు తరాలల్ల లెక్కల భాష రెండుసార్లు మారింది. తాత మనుమనికి చెప్పలేడు, నాయిన బిడ్డకు చెప్పలేడు. కోస్తాల ప్లీడరు ఇంట్ల నాయిన చెప్తడు, అన్న చెప్తడు. మన దిక్కు ఇంట్ల చెప్పేటోడు లేడు. ఉన్నది బడి ఒక్కటే. ఆ బడి తప్పిపోతె ఇగ చెయ్యి పట్టేటోడు లేడు.

దమాక్ మాట

స్టాఫ్ రూంల ఒక మాట వినబడ్తది. "ఈళ్లకు దమాక్ లేదు. బేసిక్స్ లేవు. ఏం చెప్పినా ఎక్కది." మిత్రులారా, ఈ మాట మీకు ఎక్కడన్న విన్నట్టు లేదా? మన నౌకర్లు పోయిన దినాలల్ల మనలను ఏమన్నరు? తెలంగాణల అర్హులు దొరుకుతలేరు అన్నరు. చదువు లేదు అన్నరు, పని తెల్వది అన్నరు. ఆ మాట మీద 1952ల ముల్కీ లొల్లి అయింది, 1969ల పిల్లలు ప్రాణాలిచ్చిండ్రు. అప్పుడు మనం ఏమన్నం? మాకు తెలివి లేక కాదు, అవకాశం లేక అన్నం. అదే మాట ఇయ్యాల మన పిల్లల మీద మనమే వేస్తె, మనం ఎవలం?

ఇది తెలంగాణకు పట్టిన రోగం గూడ కాదు. గ్రామీణ యువత మీద 2023ల అసర్ సర్వే దేశంల 28 జిల్లాలల్ల జరిగింది. 14 నుంచి 18 ఏండ్ల పిల్లలల్ల మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినోళ్లు 43 శాతమే. అమెరికాల గూడ ఇదే కథ. శాన్ డియెగోల ఉన్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పెద్ద పేరున్న యూనివర్సిటీ. 2025 నవంబర్ల వాళ్ల అధ్యాపకులే నివేదిక ఇచ్చిండ్రు. కొత్తగ చేరిన పిల్లలల్ల సుమారు ఎనిమిది మందిల ఒకరికి హైస్కూలు లెక్కలు గూడ సరిగ రావని అన్నరు. ఇంగ్లండ్‌ల 2000 సంవత్సరంలనే ఇంజినీరింగ్ కౌన్సిల్ ఇదే సంగతి మీద నివేదిక అచ్చు వేసింది. చేరంగనె ప్రతి పిల్లకు ఒక పరీక్ష పెట్టి ఎక్కడ కంత ఉన్నదో చూడాలె, చూసి వదిలెయ్యకుండ పూడ్చాలె అని చెప్పింది. వాళ్లు సిగ్గుపడలే. రోగం పేరు చెప్పుకున్నరు, మందు వెతుక్కున్నరు.

మందు మన దగ్గరనే ఉన్నది

డిగ్రీల భిన్నాలు చెప్పుడు నామోషీ అనేటోళ్లకు ఒక్క మాట. ఐఐటీల కన్న పెద్ద కాలేజీలు దేశంల లేవు గదా? వాళ్లు ఏండ్ల సంది ఒక పని చేస్తున్నరు. కటాఫ్ కొంచెంల తప్పిపోయిన ఎస్సీ, ఎస్టీ పిల్లలను తీసుకొని ఒక ఏడాది ప్రిపరేటరీ కోర్సు చెప్పి, తర్వాత బీటెక్‌ల చేర్చుకుంటరు. ఐఐటీకి లేని నామోషీ మనకెందుకు?

అంత దూరం ఎందుకు, గోదావరి దాటంగనె బాసర. 2008ల ట్రిపుల్ ఐటీ పెట్టినప్పుడు పదో తరగతి కాంగనె పల్లె పిల్లలను తీసుకున్నరు. నాలుగేండ్ల బీటెక్ ముందల రెండేండ్లు పీయూసీ పెట్టి ఆరేండ్ల చదువు చేసిండ్రు. దాని కష్టాలు దానికి ఉన్నయి, పిల్లలు వానల కూసొని కొట్లాడిన రోజులు మనం చూసినం. కానీ ఆ ఆలోచన సరైంది. పునాది వేసే బాధ్యత నాది అని విద్యాసంస్థ ఒప్పుకున్నది. మామూలు డిగ్రీ కాలేజీల చేరే పిల్లకు ఆ రెండేండ్లు లేవు, కనీసం రెండు నెలలు గూడ లేవు. దోస్త్‌ల సీటు వస్తది, సెమిస్టర్ మొదలయితది, కండ్లు తెరిచేసరికి ఇంటర్నల్ వస్తది.

నేను అడిగేది రెండు నెలలు గూడ కాదు, 30 గంటలు. భిన్నాలు, దశాంశాలు ఒకటి. రుణసంఖ్యలు రెండు. శాతం, నిష్పత్తి మూడు. ఘాతాలు నాలుగు. బీజగణితం విప్పుడు, సమీకరణం సాధించుడు ఐదు. గ్రాఫ్ చదువుడు ఆరు. ఒక్కోదానికి ఐదు గంటలు. రోజుకు ఒక గంట, వారానికి ఆరు రోజులయితె ఐదు వారాలు. మ్యాథ్స్ పిల్లలకే కాదు. బీకాం పిల్లకు శాతం కావాలె, లైఫ్ సైన్స్ పిల్లకు సాంఖ్యకశాస్త్రం కావాలె, రుద్రూర్ ఫుడ్ టెక్నాలజీ పిల్లకు నిష్పత్తి కావాలె.

లెక్కలు మన ఊరి నుంచే తీసుకోవచ్చు. చెరుకు చూడండి. 2024-25 సీజన్‌కు కేంద్రం ఇచ్చిన ధర 10.25 శాతం రికవరీ మీద క్వింటాల్‌కు 340 రూపాయలు. ఆ మీద ప్రతి 0.1 శాతానికి 3.32 రూపాయలు ఎక్కువ. ఒక రైతు చెరుకుకు 10.75 కట్టాలె, 10.25 అని కట్టిండ్రు అనుకుందాం. పోయిందెంత? 0.5 శాతం అంటె ఐదు 0.1లు. ఐదు సార్లు 3.32 అంటె 16 రూపాయల 60 పైసలు. ఎకరానికి 30 టన్నులు, అంటె 300 క్వింటాళ్లు అనుకుంటె 4,980 రూపాయలు. దశాంశం తర్వాత ఒక అంకె మారితె ఎకరానికి ఐదు వేలు. దశాంశాలు ఎందుకు సార్ అనే పిల్లకు ఇంతకన్న జవాబు ఏం కావాలె?

ఒక హెచ్చరిక గూడ చెప్పాలె. ఈ క్లాసుకు "వీక్ బ్యాచ్" అని పేరు పెడితె సచ్చిపోతది. అమెరికాల బర్కిలీల యూరి ట్రైస్మన్ అని ఒక లెక్కల పంతులు 1970 దశకంల నల్లజాతి పిల్లలు కలనగణితంల ఎందుకు తప్పుతున్నరో చూడబోయిండు. కష్టపడరు, ఇంట్ల చదువు లేదు అని తోటి పంతుళ్లు చెప్పిండ్రు. ఆయన పిల్లల ఎంబడి పోయి చూస్తె ఆ కారణాలు నిలవలే. నల్లజాతి పిల్లలు గంటల కొద్ది చదువుతున్నరు, కానీ ఒక్కలే కూసొని చదువుతున్నరు. చైనా మూలాలున్న పిల్లలు గుంపుగ కూసొని, ఒకని తప్పు ఒకడు పట్టుకుంట చదువుతున్నరు. తేడా అది. అప్పుడు ఆయన గుంపులు కట్టిచ్చి, సులువు లెక్కలు కాదు, కఠినమైన లెక్కలే ఇచ్చిండు. పిల్లలు నిలిచిండ్రు.

ఇది మనకు కొత్తనా? నాట్లు ఒక్కలే వేస్తరా? బీడీలు ఒక్కలే చేస్తరా? నలుగురు అరుగు మీద కూసొని చేస్తరు. లెక్క ఒక్కటే ఎందుకు ఒంటరిగ, సిగ్గుతోటి, దుప్పటి కింద చెయ్యాలె?

మీ నుంచి నేను అడిగేది

ఉపన్యాసం చెప్పి చప్పట్లు కొట్టించుకొని పోవడానికి నేను రాలే. మూడు పనులు అడుగుత.

ఒకటి, కాలేజీలల్ల ఉన్న అధ్యాపక మిత్రులకు. కొత్త బ్యాచ్ వచ్చిన మొదటి వారంల 20 లెక్కల పరీక్ష పెట్టండి. ప్రశ్నలు తెలుగుల, ఉర్దూల, ఇంగ్లిష్‌ల ఉండాలె. మార్కులు బోర్డుకు అంటించొద్దు, పేర్లు చదవొద్దు. ఎవలకు ఏ ఇటుక లేదో మీరు తెలుసుకుంటె చాలు. పిల్ల బోర్డు కాడ ఆగిపోతె "గిది గూడ రాదా" అనే మాట మీ నోటి నుంచి రావొద్దు. ఆ మాట ఖరీదు నాకు తెలుసు.

రెండు, ఉద్యోగ మిత్రులకు. రిటైరయిన లెక్కల పంతుళ్లు నిజామాబాద్‌ల, బోధన్‌ల, ఆర్మూర్‌ల గల్లీకి ఒకరు ఉన్నరు. బ్యాంకు ఉద్యోగులు, ఇంజినీర్లు ఉన్నరు. శనివారం సాయంత్రం రెండు గంటలు ఇయ్యండి. బోధన్‌ల ఒక గది, వర్నిల ఒక గది, రుద్రూర్‌ల ఒక గది చాలు. తండా పిల్ల రానీ, బీడీ కార్మికురాలి బిడ్డ రానీ, క్యాంపుల పుట్టిన పిల్లగాడు రానీ, ఎవలు వచ్చినా చెప్పండి. ఈ గడ్డ మీద చదివే ప్రతి పిల్ల మన పిల్లనే. సమ్మెల మనం 42 రోజులు తీసుకున్నం. 42 శనివారాలు తిరిగి ఇద్దాం. అసలు కట్టినట్టయితది, మిత్తి తర్వాత చూద్దాం.

మూడు, అందరం కలిసి సర్కారును అడగాలె. డిగ్రీ మొదటి సెమిస్టర్‌ల ఆ 30 గంటలకు టైంటేబుల్‌ల జాగ ఇయ్యాలె, క్రెడిట్ ఇయ్యాలె, చెప్పినోళ్లకు పని గంటలుగ లెక్కకట్టాలె. యూనివర్సిటీల, కాలేజీల ఖాళీలు నింపాలె. గంటకింత అని కూలికి తెచ్చిన లెక్చరర్ సిలబస్ పరుగెత్తిస్తడు గని, ఆగి కంత పూడ్చడు. ఆనిదేం తప్పు లేదు, ఆని గంటకు కంత లెక్కలేదు.

రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. అంతకు ముందు ఏ తప్పు జరిగినా హైదరాబాద్‌ల కూసున్న వలస పాలకుల మీద చెయ్యి చూపెట్టినం. చూపెట్టుడు న్యాయమే. 1937ల నిజాం కాలంల మొదలైన చక్కెర ఫ్యాక్టరీని 2002ల ప్రైవేటోని చేతుల పెట్టింది వాళ్లే. కానీ దానికి లాకౌట్ పడ్డది 2015 డిసెంబర్ల, మన రాష్ట్రంల. మన చెయ్యి చూపెట్టడానికి ఇగ వేరే దిక్కు లేదు, మన దిక్కే తిరగాలె. ఫ్యాక్టరీ గేటు తెరిపిచ్చుడు మన చేతుల లేకపోవచ్చు. ఒక గది తాళం తీసి, బోర్డు మీద 1/2 ప్లస్ 1/4 అని రాసుడు మన చేతుల ఉన్నది.

ముందు వరుసల కూసున్న పిల్లలకు చివరి మాట. మీకు రాని లెక్క మీ తప్పు కాదు. మీకు ఎవ్వరూ చెప్పని లెక్క అది. కానీ ఇగ నుంచి అడగకపోతె మాత్రం మీదే తప్పు. చెయ్యి లేపండి. "సార్, ఇది నాకు రాదు, ఐదో తరగతి నుంచి చెప్పు" అని అడగండి. రాష్ట్రం అడిగి తెచ్చుకున్నం. లెక్క గూడ అడిగే తెచ్చుకుందాం.

వచ్చే శనివారం సాయంత్రం ఐదు గంటలకు నేను బోధన్‌ల ఉంట. సుద్దముక్కలు నేను తెస్త. ఎవలెవలు వస్తరో సభ అయిపోయినంక నా పుస్తకంల పేరు రాసి పొండి.

జై తెలంగాణ!